దెయ్యం లేకుండానే భయపెట్టిన ఆన్ రాడ్‌క్లిఫ్

ప్రశ్న: పాత కోటలూ రహస్యాలతో భయపెట్టే గోథిక్ నవలలంటే నాకు పిచ్చి. కానీ దెయ్యాలేవీ లేవని చివర్లో తేల్చేసే ఇంగ్లీషు రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్‌ని అంతగా ఎందుకు పొగుడుతారండీ?

జవాబు: ఆవిడ గొప్పంతా అక్కడే ఉందండీ! 1794లో వచ్చిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’లో కథానాయిక ఎమిలీ నల్లటి తెర ఎత్తి చూసి స్పృహ తప్పి పడిపోతుంది, ఏం చూసిందో రచయిత్రి మనకి చెప్పదు, వందల పేజీల తర్వాత, మనం దాదాపు మరిచిపోయాక, అది మైనపు బొమ్మ అంటుంది. (కథ బయటపెట్టేశాను, ఏమనుకోకండి.) కొందరికి ఒళ్ళు మండుతుంది, నాకైతే ఆ మొండితనమే ఇష్టం. పైగా ఇటలీలో అడుగు పెట్టకుండానే అక్కడి కొండలూ కోటలూ వర్ణించింది. ఈ నవలకి ముట్టింది 500 పౌండ్లు, అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. మరో ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టెన్ తన నవల ‘నార్తాంగర్ అబ్బీ’లో ఈ నవలని ఆటపట్టించింది కానీ, ఇష్టంగా చదవకుండా అలా ఆటపట్టించడం కుదరదు. ఉడాల్ఫో లావు చూసి టెన్షన్ పడితే ముందు 1797 నాటి ‘ది ఇటాలియన్’ చదవండి, అందులో స్కెడోనీ అనే సన్యాసి మిమ్మల్ని వదలడు.