మొదటి అమెరికా టూర్‌కి వెళ్తున్న అమ్మాయికి

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మలూ,

నీ అమెరికా టూర్ ఖాయమైందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషంగా ఉందో మాటల్లో చెప్పలేను. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా, వరసగా మూడు వారాంతాలు అంది. ఎలా పాడాలో నీకు నేను చెప్పక్కర్లేదు. పాడాల్సిన ఆ రెండున్నర గంటలకి నీ గొంతు ఏ దెబ్బా తినకుండా స్టేజి దాకా చేరాలి. నా బెంగంతా దాని గురించే. ఇన్నేళ్లు ట్రూపులతో తిరిగి చూసినదాన్ని బట్టి చెబుతున్నా, టూర్‌లో గొంతు పాడయ్యేది పాటల వల్ల తక్కువ, మాటల వల్ల ఎక్కువ.

ఎయిర్‌పోర్టులో దిగగానే మొదలవుతుంది. కారులో గంటసేపు కబుర్లు, ఎవరింట్లోనో భోజనం, అక్కడ "ఒక్క పల్లవి పాడమ్మా" అని పెద్దవాళ్ల ముచ్చట, షో అయ్యాక అర్ధరాత్రి దాకా ఫొటోలు. అందరూ ప్రేమగానే పిలుస్తారు. ఎదురుగా నిలబడి కాదనడం నీవల్ల కాదు, నీ సంగతి నాకు తెలుసు. అందుకే ఒప్పందంలోనే రాయించు. షో రోజూ, దాని ముందు రోజూ ఇళ్లకి భోజనాలు లేవు. ఫొటోలకి అరగంట. నీకు విడిగా గది. ఇవి కాగితం మీద ఉంటే నిర్వాహకులే అందరికీ నచ్చజెప్పుకుంటారు, నీమీద మాట రాదు. గొంతు అలిసిందనిపిస్తే గుసగుసగా మాట్లాడకు. దానివల్ల గొంతుకి విశ్రాంతి దొరకదు సరికదా, ఒక్కోసారి ఇంకా శ్రమ. మాట్లాడటం పూర్తిగా మానెయ్. ఏం కావాలన్నా ఫోన్‌లో టైప్ చేసి చూపించు.

వీసా విషయంలో మాత్రం ఎవరి మాటా వినకు. "విజిటర్ వీసా మీద వచ్చేయండి, ఏం కాదు" అన్నారంటే ఆ టూర్ వదిలేసుకో. డబ్బు తీసుకుని పాడటానికి ఆ వీసా పనికిరాదు. అక్కడివాళ్లే ముందు నీ తరఫున అమెరికా ప్రభుత్వానికి పిటిషన్ వెయ్యాలి. మనలాంటి బృందాలు చాలావరకు వెళ్లేది పీ-3 అనే కళాకారుల వీసా మీద. పిటిషన్‌కి ఆమోదం వచ్చాకే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. కీబోర్డు వాయించే అబ్బాయి, డ్రమ్మర్, సౌండ్ ఇంజినీరు, వీళ్లందరి కాగితాలూ నీ కాగితాలతోపాటే కదలాలి. చివర్లో నువ్వొక్కదానివే వెళ్లి, ముక్కూముఖం తెలియని ఆర్కెస్ట్రాతో పాడాల్సి వస్తే ఆ టెన్షన్ ఎవరు పడతారు?

డబ్బు సంగతి. బయటి దేశం నుంచి వచ్చిన కళాకారుల పారితోషికంలో అమెరికాలో మామూలుగా 30 శాతం పన్ను కింద ముందే పట్టుకుంటారు, అదీ ఖర్చులు తీసెయ్యకుండా మొత్తం మీద. కాబట్టి నీకు చెప్పిన అంకె పన్ను పోగానా, పన్ను కలిపా అన్నది ఇప్పుడే తేల్చుకో. పట్టుకున్న పన్నుకి 1042-ఎస్ అనే ఫారం ఇస్తారు, అడిగి తీసుకో. ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు మీ ఆడిటర్‌కి అది కావాలి.

నువ్వు ముచ్చటపడి కొనుక్కున్న వైర్‌లెస్ మైకు ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుందో చూడు. 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగాన్ని మొబైల్ కంపెనీలకి ఇచ్చేసి, 2020 జులై నుంచి అక్కడ అందులో మైకులు వాడకూడదన్నారు. మైకు ఆ బ్యాండ్‌దైతే ఇంట్లోనే పెట్టి, అక్కడ అద్దెకి తీసుకోమని చెప్పు. పాడేటప్పుడు నీ చెవిలోకి పాట పంపే ఇన్-ఇయర్ ట్రాన్స్‌మిటర్‌కీ ఇదే వర్తిస్తుంది. చెవికి అచ్చు తీయించుకున్న ఇయర్‌పీసులు మాత్రం మర్చిపోకు, అవి చేతిసంచీలోనే ఉండాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, నిద్ర. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ రాత్రి ఎనిమిదికి నువ్వు మైకు పట్టుకునేసరికి ఇక్కడ పొద్దున్న ఆరున్నర. నీ ఒంటి లెక్కలో అది నిద్రలేచే వేళ. ఆ వేళ గొంతు ఎంత బరువుగా ఉంటుందో నీకు తెలియనిదా? అందుకే మొదటి షోకి కనీసం నాలుగు రోజుల ముందే చేరుకో. మొదటి మూడు పాటలూ మధ్య స్థాయిలో ఉండేవి పెట్టుకో, తారస్థాయి పాటలు గంట దాటాకే. రికార్డింగ్‌లో పాడిన శ్రుతిలోనే పాడాలనే పట్టుదల వద్దు. ట్రాకులన్నీ అర స్వరం తగ్గించి కూడా ఒక సెట్టు చేయించి పెట్టుకో.

విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. నీళ్లు తాగుతూ ఉండు, మాస్కు వేసుకుని పడుకో. వెళ్లేముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి గొంతు చూపించుకో. తలనొప్పికీ ఒంటినొప్పులకీ ఏ మాత్ర వేసుకోవాలో ఆయన్నే అడుగు. ఆస్పిరిన్ లాంటివి వేసుకుని గట్టిగా పాడితే స్వరతంత్రుల్లో రక్తం చిమ్మే ప్రమాదం ఎక్కువ.

హాలుకి వెళ్లగానే నీ మైకు స్టాండు పెట్టే చోట నిలబడి తల పైకెత్తి చూడు. అక్కడ మనవాళ్ల షోలు చాలావరకు హైస్కూల్ ఆడిటోరియాల్లో జరుగుతాయి, ఏసీ గాలి సరిగ్గా స్టేజి మధ్యలోకి కొట్టే హాళ్లు నేను చాలా చూశాను. నెత్తిమీద చల్లగా తగిలిందంటే స్టాండుని రెండడుగులు పక్కకి జరిపించు, లైట్లవాళ్లు విసుక్కున్నా సరే. సౌండ్ చెక్‌లో పూర్తి గొంతుతో ఒక్క పాట చాలు, మిగతావి తగ్గించి పాడు.

ముందు వరసల్లో పెద్దవాళ్లుంటారు, వెనక అక్కడే పుట్టిన పిల్లలు. తెలుగు చదవడం రాకపోయినా నీ పాటలు చరణాలతో సహా పాడతారు ఆ పిల్లలు. ఒక పాటలో మైకు వాళ్లవైపు తిప్పు. నీకూ ఊపిరి తీసుకునే తీరిక దొరుకుతుంది, వాళ్లకీ పండగ.

ఆదివారం పొద్దున్న ఇంటికి రా. ఒప్పందం కాగితాలు, పాటల వరస తీసుకురా, ఒక్కో పాట పక్కన శ్రుతి రాసి. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ