ఐక్యమా, ఐక్యతా, ఏకత్వమా?

సందేహం: జనవరి 18 నుంచి 25 వరకు జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారానికి మేం నాలుగు చర్చిల వాళ్ళం కలిసి బ్యానర్ వేయిస్తున్నాం. నేను ‘సంఘ ఐక్యత’ అని రాసిచ్చాను. పక్కింటి రిటైర్డ్ తెలుగు పండితులు చూసి ‘ఐక్యత తప్పు, ఐక్యం అనాలి’ అన్నారు. కమిటీలో ఒకరు ‘ఐక్యమత్యం’ అంటున్నారు, ఇంకొకరు ‘ఏకత్వం’ అంటున్నారు. ఏది రైటు?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: వ్యాకరణం మీ పండితుల పక్షానే ఉంది. ‘ఏక’ శబ్దానికి భావార్థంలో ప్రత్యయం చేరి ‘ఐక్యం’ అయింది. ఒకటిగా ఉండడం అనే అర్థం అందులోనే ఉంది. దానికి మళ్ళీ ‘త’ తగిలించడం లడ్డూ మీద చక్కెర చల్లడమే. ‘ప్రాధాన్యత’, ‘ప్రావీణ్యత’ల సంగతీ ఇంతే.

అయినా ‘ఐక్యత’ను నేను కొట్టెయ్యను. ‘సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు’ అని తెలుగు బైబిల్లో 133వ కీర్తన మొదలవుతుంది. తరతరాలుగా నోటికి వచ్చిన మాట అది. ఇంకో కారణం కూడా ఉంది. ఒట్టి ‘ఐక్యం’ అంటే మన వైపు వినబడేది వేరు. శ్రీకాళహస్తి పక్కనే ఉంది కదా. ‘స్వామివారు శివైక్యం చెందారు’ అని పేపర్లో చదివేవాళ్ళం. మీ బ్యానర్ చూసి ఎవరో పోయారనుకున్నా అనుకుంటారు! ఐక్యం కావడమంటే కలిసిపోయి విడిగా మిగలకపోవడం. ఐక్యతలో ఎవరి ఉనికి వాళ్ళకు ఉంటుంది. దండగ అనుకున్న ఆ ‘త’కు వాడుకలో ఒక పని దొరికింది.

‘ఐక్యమత్యం’ మాత్రం తప్పే. ‘ఏకమతం’ నుంచి పుట్టింది ‘ఐకమత్యం’. యకారానికి అక్కడ చోటు లేదు. ఇక్కడ మతమంటే అభిప్రాయం. వీధికి నీళ్ళ కోసం అందరూ ఒక మాట మీద నిలబడితే అది ఐకమత్యం, రేపు మాట తేడా వస్తే పోతుంది.

ఇక ‘ఏకత్వం’. దీని దగ్గర కాస్త ఆగాలి. బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక (అంటే ఉత్తరం) 4వ అధ్యాయం తియ్యండి. 3వ వచనంలో ‘ఆత్మ కలిగించు ఐక్యమును’ కాపాడుకోమని ఉంది. 13వ వచనంలో ‘ఏకత్వము పొంది’ అని ఉంది. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, ‘హెనోతేస్’. కొత్త నిబంధన మొత్తంలో అది వచ్చేది ఈ రెండు చోట్లే. మన అనువాదకులు రెండు మాటలు వాడారు. నాకైతే అది బాగానే అనిపిస్తుంది: మొదటిది ఇప్పటికే చేతికొచ్చింది, పోగొట్టుకోకూడదు, రెండోది ఇంకా అందుకోవలసింది.

యోహాను సువార్త 10:30లో ‘నేనును తండ్రియును ఏకమై యున్నాము’ అన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది ‘హెన్’, అంటే ‘ఒకటి’. ‘ఒకడు’ కాదు. దీన్ని తెలుగువాళ్ళకు వివరించనక్కర్లేదు. ‘వాళ్ళిద్దరూ ఒకటే’ అంటాం గానీ ‘ఇద్దరూ ఒకడే’ అంటామా? సంస్కృతం ‘ఏకమై’ ఈ తేడాను కప్పేసింది, అచ్చతెలుగులో అయితే తేటగా ఉండేది. ‘వారందరూ ఏకమై ఉండాలి’ అని 17:21లో యేసు ప్రార్థించినప్పుడూ మూలంలో ఇదే ‘హెన్’. త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే నమ్మకాన్ని) ఒప్పుకోని బోధ గురించి మాట్లాడేటప్పుడు ‘ఏకత్వం’ అనే మాట వస్తుంటుంది కాబట్టి, ఆ మాట బ్యానర్ మీదికి ఎక్కిస్తే మీ నాలుగు చర్చిల్లో ఎవరో ఒకరికి టెన్షన్ మొదలవుతుంది.

అసలు చిక్కు ‘సంఘం’లో ఉంది. మీరు దాని గురించి అడగలేదు గానీ, మీ నలుగురిలో కతోలికులు ఉంటే వాళ్ళు ‘శ్రీసభ’ అంటారు, ‘సంఘం’ అనరు. మీ ‘పరిశుద్ధాత్మ’ వాళ్ళకు ‘పవిత్రాత్మ’. పైగా మన ఊళ్ళో సంఘమంటే సగం మందికి డ్వాక్రా సంఘం. ‘సంఘ ఐక్యత’ అంటే ఒక చర్చిలోపలి సఖ్యత అనిపిస్తుంది. మీరు చెప్పదలచింది ‘సంఘాల ఐక్యత’.

చిత్తూరు వైపు అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ళు నడిపిన ఆర్కాటు మిషన్ సంఘాలు 1908లో ‘దక్షిణ ఇండియా ఐక్య సంఘం’లో చేరాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సంఘమూ, ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ కలిసినప్పుడు పెట్టుకున్న పేరు ‘దక్షిణ ఇండియా సంఘం’ (సి.ఎస్.ఐ.). పేరులోంచి ‘ఐక్య’ పోయింది చూశారా! తిరుపతి వైపు లూథరన్లు అందులో కలవలేదు. అందుకే మీకింకా ఈ మాట అవసరం పడుతోంది.

‘క్రైస్తవ ఐక్యత’ అని వేయించండి. ‘ఐక్యతా ప్రార్థన’ అన్నచోట ‘తా’ దీర్ఘం ఉండాలి, ప్రూఫ్‌లో ఒకసారి చూసుకోండి. పండితుల గారికిచ్చే ఆహ్వానం మీద మాత్రం, వృద్ధి సంధి చేసి, ‘సంఘైక్యం’ అని చేత్తో రాసివ్వండి.