రోళ్లపాడు పోయే ముందు

చిరంజీవి బాబుకు,

పెద్దనాన్న ఆశీస్సులు. సంక్రాంతి దాటాక స్నేహితులతో కలిసి పిట్టలు చూడటానికి కర్నూలు దగ్గరి రోళ్లపాడు పోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది.

అక్కడ దిగగానే మీవాళ్లలో ఎవరో ఒకరు "ఇదేంటి, ఉత్త బీడు కదా" అంటారు. అది బీడు కాదు నాయనా, గడ్డినేల. బట్టమేక పిట్ట కోసమే 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తుండే ఆ పక్షి గడ్డిలో నడిచిపోతుంటే నేను కళ్లారా చూశాను. తర్వాత చుట్టుపక్కలకి కాలువ నీళ్లొచ్చాయి, పంటలు మారాయి. ఇప్పుడక్కడ ఆ పక్షి కనబడటం లేదు. మీకది దక్కలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

తెల్లారేసరికి అక్కడుండండి. పది దాటితే ఎండకు నేల కాగి గాలి అలల్లా కదులుతుంది, ఎంత మంచి బైనాక్యులర్‌లోనూ పిట్ట స్పష్టంగా కనబడదు. ఇద్దరికొకటి ఉన్నా చాలు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8x42 రకం అయితే చెయ్యి వణికినా బొమ్మ నిలుస్తుంది. మట్టిరంగు బట్టలు, టోపీ, తలా మూడు లీటర్ల నీళ్లు. అటవీ సిబ్బందికి చెప్పి లోపలికి పోండి. కారు బాట దించొద్దు. వాన పడి ఉంటే నల్లరేగడిలో చక్రం దిగబడుతుంది. వాన లేకపోయినా దించొద్దు, ఆ పిట్టలన్నీ నేల మీదే బతుకుతాయి.

పిట్ట వెంట తిరగొద్దు. పొద్దెక్కాక ఏదైనా నీటి మడుగుకి దూరంగా, తుమ్మ నీడలో కదలకుండా కూర్చోండి. పావురంలా ఉండే శాండ్‌గ్రౌజ్ పిట్టలు గుంపుగా వచ్చి దూరంగానే వాలి, నడుచుకుంటూ నీళ్ల దగ్గరికి వస్తాయి. పిల్లలున్న మగపిట్టైతే తాగి ఊరుకోదు. నీళ్లలో కూర్చుని పొట్ట ఈకలు విప్పి అటూ ఇటూ ఊగుతుంది. స్పాంజిలా తడిసిన ఆ ఈకలతోనే ఎగిరిపోయి పిల్లలకి నీళ్లందిస్తుంది. ఆ సమయంలో మీలో ఒక్కరు లేచి నిలబడినా అది నీళ్లు పట్టుకోకుండానే వెళ్లిపోతుంది. ఫోన్లో కూతలు పెట్టి పిలిచే పని అసలే వద్దు.

మధ్యాహ్నం తినేసి ఓ కునుకు తీయండి. దారిలో గొర్రెల కాపరులు కనబడితే "అన్నా" అని పలకరించి మాట్లాడండి. ఏ పిట్ట ఎక్కడ తిరుగుతుందో వాళ్లకి తెలిసినంత మన పుస్తకాల్లో ఉండదు.

సాయంత్రం మాత్రం తొందరపడి బయల్దేరొద్దు. మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చే హారియర్ గద్దలు పొద్దుగూకే వేళకి ఆ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. రెక్కలు కాస్త పైకెత్తి, గడ్డికి తగిలీ తగలనట్టు తేలుతూ వస్తాయి. ఆడదానికి తోక మొదట్లో తెల్లపట్టీ ఉంటుంది, మగది బూడిదరంగు. ఒకసారి నేను ఫొటో కోసం నాలుగడుగులు లోపలికి వేశాను. దిగినవన్నీ ఒక్కసారిగా లేచి, చీకటి పడేదాకా చోటు దొరక్క తిరుగుతూనే ఉన్నాయి. ఆ తప్పు నువ్వు చెయ్యకు. బాట మీదే నిలబడు.

ఎన్ని దిగాయో అక్కడే లెక్క రాసుకో, ఇంటికొచ్చాక గుర్తుండదు. ఆ లెక్క నాకు పంపు, నా పాత నోట్‌బుక్‌లో దాని కోసం ఒక పేజీ ఉంచాను.

పెద్దనాన్న