వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలను కన్వేయర్‌తో లారీకెక్కిస్తే లెక్క ఎందుకు తప్పుతుంది?

మార్కెట్ యార్డు లోడింగ్‌కు చక్రాల మీద తిరిగే బెల్ట్ కన్వేయర్ చాలు. రోబోలు ఇక్కడ దండుగ. వాలు 30 డిగ్రీలు దాటకూడదు. బస్తాను 3 మీటర్లు పైకి లేపాలంటే బెల్ట్ కనీసం 6 మీటర్లుండాలి. నున్నటి బెల్ట్ మీద గోనె బస్తా వెనక్కి జారుతుంది, గరుకుది తీసుకోండి. ఉబ్బిన మిర్చి బస్తా దొర్లుతుంది కాబట్టి పక్క రేకులు తప్పనిసరి.

ఇక లెక్క. బస్తాలను లెక్కపెట్టేది బెల్ట్‌కు అడ్డంగా కాంతి కిరణం పంపే సెన్సార్. బస్తా అడ్డుపడి కిరణం తెగిన ప్రతిసారీ అది ఒకటి కలుపుతుంది. రెండు బస్తాలు ఆనుకుని వస్తే కిరణం ఒక్కసారే తెగుతుంది, రెండూ కలిసి ఒకటిగానే లెక్కకొస్తాయి. దీనికి మందు: పెద్ద బెల్ట్ కింది చివర, బస్తాలను దాని మీదికి అందించే చిన్న ఫీడ్ బెల్ట్. అది నిమిషానికి 15 మీటర్లు, పైది 20 మీటర్లు నడిస్తే బస్తాల మధ్య ఎడం దానంతటదే వస్తుంది. సెన్సార్‌ను పై బెల్ట్ మీదే బిగించాలి. వేలాడే సుతిలి తాడు కూడా బస్తాగా నమోదవుతుంది. అర సెకను కన్నా తక్కువ అడ్డును వదిలేసేలా టైమర్ పెట్టండి. మిర్చి దుమ్ము సెన్సార్ అద్దానికి పట్టేస్తుంది, పూటకోసారి పొడిగుడ్డతో తుడవాలి.

బెల్ట్ ఒక పక్కకు లాగుతుంటే, అది జరుగుతున్న వైపు తోక రోలర్ (బస్తాలు ఎక్కే చివర ఉండేది) బోల్టును పావు చుట్టు బిగించి, కాసేపు తిప్పి చూడండి. పైన సర్దే హమాలీల చేతికి అందేలా తాడు లాగితే ఆగే ఎమర్జెన్సీ స్విచ్ ఉండాలి. చాలాచోట్ల ఇది కిందే పెడతారు, అది తప్పు.

పత్తి బేళ్లు వేరే సంగతి: ఒక్కోటి దాదాపు 170 కిలోలు, వాటికి క్లాంప్ (రెండు పక్కలా నొక్కి పట్టే చేతులు) ఉన్న ఫోర్క్‌లిఫ్టే.