రాత్రి రెండింటికి చెరువు గట్టు మీద

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారం. నాకు 47 ఏళ్లు. రాజోలు దగ్గర మూడెకరాల్లో రొయ్యల చెరువు చేస్తున్నాను. ఇరవై రెండేళ్ల నుంచి సిగరెట్ అలవాటు, ఇప్పుడు రోజుకు పదిహేను దాకా అవుతున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందేమో అన్న టెన్షన్‌తో రాత్రి రెండింటికి లేచి గట్టు మీదకు వెళ్తాను. ఆ వేళ తాగేవే నాలుగైదు. రెండుసార్లు మానేసి మళ్లీ మొదలెట్టాను. భీమవరంలో బీటెక్ చదివే మా అమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఫోన్‌లో ఏఐ చాట్‌బాట్ పెట్టి, "నాన్నా, తాగాలనిపించినప్పుడు దీంతో మాట్లాడు" అంది. మనుషులు చెబితేనే విననివాణ్ని, మిషన్ చెబితే వింటానా? అసలు దాన్ని నమ్మొచ్చా?
– ఒక రైతు, కోనసీమ

జవాబు: తమ్ముడూ, "ఆ వేళ తాగేవే నాలుగైదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పదహారేళ్లు పొగ మాన్పించే కౌన్సెలింగ్ చేశాను. నా గది పొద్దున తొమ్మిదికి తీస్తే సాయంత్రం నాలుగింటికి తాళం పడేది. నా దగ్గరకొచ్చిన రైతులకు ప్రాణం లాగేసేది మాత్రం ఆ తాళం పడ్డాకే. అప్పుడు పక్కన పలికే మనిషి ఉండేవాడు కాదు. అందుకే మీ అమ్మాయి చేసిన పని నాకు నచ్చింది. సిగరెట్ మీదకు మనసు పోవడం చాలాసార్లు కొద్ది నిమిషాల సంగతే. తాగినా తాగకపోయినా అది తగ్గుతుంది. ఆ కాస్సేపు మీతో మాట్లాడుతూ కూర్చునేది ఏదైనా ఉంటే మేలు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ఫ్లోరెన్స్ అనే, తెర మీద మాట్లాడే ఏఐ బొమ్మను పెట్టింది. 2024లో సారా అని ఇంకొకటి తెచ్చింది. దాని జవాబులు అన్నిసార్లూ సరిగ్గా ఉండకపోవచ్చని ఆ సంస్థే చెప్పింది.

మీ ఉత్తరం అందాక నేనే ఒక చాట్‌బాట్ తెరిచి మీలా రాసి చూశాను. "సిగరెట్ మానాలి, ఏం చేయను?" అంటే, "మీది గొప్ప నిర్ణయం! కాసేపు నడవండి, పుదీనా టీ తాగండి" అంది. రాత్రి రెండింటికి గట్టు మీద పుదీనా టీ ఎక్కడ దొరుకుతుంది? ఈసారి విడమరిచి రాశాను: ఎడమ చేతిలో టార్చి ఉంటుంది, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుంటాయి, ఫ్లాస్కులో టీ ఉంటుంది, కప్పు కింద పెట్టగానే కుడి చెయ్యి చొక్కా జేబులోకి పోతుంది. అప్పుడు అది, "ఆ సమయంలో మీ కుడి చేతికి ఏం పని ఇవ్వగలరు?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను పదహారేళ్లలో ఒక్కరినీ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

కాబట్టి మీరూ దానికి ఉన్నదున్నట్టు చెప్పండి. లేవగానే ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు, రెండుసార్లు మానేసినప్పుడు మళ్లీ ఎక్కడ, ఎవరి పక్కన మొదలెట్టారు, అన్నీ చెప్పండి. పేరు, ఊరు, బ్యాంకు సంగతులు మాత్రం అక్కర్లేదు. టైపు కష్టమైతే మైకు గుర్తు నొక్కి మాట్లాడండి. సిగరెట్ పెట్టె పెట్టుకునే జేబులోనే సోంపు పొట్లం పెట్టుకోండి, చెయ్యి అక్కడికే పోతుంది.

నాకు భయం వేసిన సంగతీ చెప్పాలి. "ఈరోజు రొయ్య రేటు పడిపోయింది, ఒక్కటి తాగుతాను" అని రాస్తే, "మీ బాధ అర్థమవుతోంది, మిమ్మల్ని మీరు నిందించుకోకండి" అని ఊరుకుంది. వీటికి మన మాటకు తల ఊపే గుణం ఉంది. అందుకే మనసు కుదురుగా ఉన్నప్పుడే, "నేను ఒక్కటే తాగుతానంటే ఒప్పుకోవద్దు, పది నిమిషాలు ఆపి మా అమ్మాయి సంగతి అడుగు" అని రాసి పెట్టండి. రాత్రి ఆ సంభాషణే తెరవండి. కొత్తది తెరిస్తే ఆ మాట దానికి గుర్తుండకపోవచ్చు.

మందుల విషయంలో దాని మాట మీద ఆధారపడకండి. నికోటిన్ గమ్ 2, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. లేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవాళ్లకు సాధారణంగా 4 చెబుతారు. నేను అడిగిన చాట్‌బాట్ అదేమీ అడక్కుండానే 2 చాలంది. మీకు ఎంతన్నది డాక్టర్‌నే అడగండి. గమ్‌ను బబుల్‌గమ్‌లా గబగబా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, నాలుక చుర్రుమనగానే బుగ్గలో పెట్టుకోవాలి. దానికి పావుగంట ముందు నుంచీ టీ వద్దు. అంటే మీ ఫ్లాస్కు టైము మారాలి.

మానేసే రోజును ఈ రొయ్యలు పట్టేసి చెరువు ఎండబెట్టే రోజుల్లో పెట్టుకోండి. మొదటి మూడు రోజులే బాగా కష్టం, రెండు నుంచి నాలుగు వారాల్లో చిరాకు, నిద్రలేమి తగ్గుముఖం పడతాయి. మళ్లీ రొయ్య పిల్ల వేసేనాటికి ఆ కష్టం దాటేసి ఉంటారు. పగటిపూట మనిషితో మాట్లాడాలంటే సిగరెట్ పెట్టె మీదే అచ్చేసిన 1800-11-2356కి చేయండి, డబ్బులు పడవు. నడిరాత్రి మనసు మరీ కుంగిపోతే 14416 ఉంది, అక్కడ మనిషే పలుకుతారు. గుండెల్లో నొప్పి వస్తే చాట్‌బాట్‌ను అడుగుతూ కూర్చోవద్దు, 108కి చేయండి.

ప్రశ్న: మా మావయ్యగారికి 74 ఏళ్లు. లంక పొగాకు చుట్ట కాలుస్తారు. "పొగ లోపలికి పీల్చను కదమ్మా" అంటారు. చదువు రాదు. ఫోన్‌తో మాట్లాడిస్తే మానతారా?
– ఒక కోడలు, అమలాపురం

జవాబు: అమ్మా, ఫోన్ సంగతి తర్వాత. చుట్ట పొగ గుండెల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి లోపలి పొరలోంచే ఒంట్లోకి పోతుంది. నోటికి, గొంతుకు క్యాన్సర్ ముప్పూ ఉంది. ముందు ఆయన్ను వెలుతురులో కూర్చోబెట్టి, నోట్లోకి టార్చి వేసి చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, వీటిలో ఏది కనిపించినా పళ్ల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. ఆ తర్వాత ఫోన్‌తో మాట్లాడించొచ్చు. మొదట్లో మీరు పక్కన కూర్చోండి, పెద్దాయన యాస దానికి సరిగ్గా అర్థం కాకపోవచ్చు. ఆయన ఏ వేళల్లో ఎన్ని కాలుస్తారో ఒక వారం రాసి పంపండి.