మలేషియాలోని పకాతన్ హరపన్ ఒకే పార్టీగా కలిసిపోకుండా కూటమిగానే ఎందుకు ఉంది?

ఎందుకంటే అందులోని ఒక్కో పార్టీని నమ్మే ఓటర్లు వేరు. పకాతన్ హరపన్ అంటే ‘ఆశల కూటమి’. 2015లో మూడు పార్టీలతో పుట్టింది. డీఏపీ (డెమొక్రటిక్ యాక్షన్ పార్టీ)కి బలం ప్రధానంగా చైనీయులు, భారతీయ సంతతివాళ్లు. అన్వర్ ఇబ్రహీం నాయకుడిగా ఉన్న పీకేఆర్‌లో అన్ని జాతులవాళ్లూ ఉంటారు. మూడోదైన అమానా మాత్రం ఇస్లామిక్ పార్టీ పాస్ నుంచి విడిపోయిన మితవాదులది. అందరినీ ఒకే జెండా కిందికి తెస్తే మలయ్ జాతివాళ్ల గ్రామాల్లోనో, పట్టణ చైనీయుల్లోనో ఓట్లు జారిపోతాయి. అక్కడా మనలాగే ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలుస్తారు కాబట్టి, ఓట్లు చీలకుండా కూటమి తరఫున సీటుకు ఒక్క అభ్యర్థినే నిలబెట్టుకుంటారు.

2018లో మాజీ ప్రధాని మహాతిర్ పార్టీ బెర్సాతు కూడా తోడై, బారిసాన్ నేషనల్ కూటమీ, దాని మునుపటి రూపమూ కలిపి సాగించిన 61 ఏళ్ల పాలనకు తెరదించారు. నా దృష్టిలో అది మామూలు విజయం కాదు. అయితే 2020లో బెర్సాతు తప్పుకోగానే ప్రభుత్వం కూలింది. కూటమికున్న అసలు బలహీనత ఇదే. 2022లో అన్వర్ ఇబ్రహీం ప్రధాని అయ్యారు. 222 సీట్ల సభలో మెజారిటీ లేక, పాత ప్రత్యర్థి బారిసాన్‌నూ, బోర్నియో దీవిలోని సబా, సరవాక్ రాష్ట్రాల పార్టీలనూ కలుపుకోవాల్సి వచ్చింది.