స్కాలప్ ముక్కలో పురుగు: కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్. 19 నెలల క్రితం పెళ్లిరోజుకని దిగుమతి ఫ్రోజెన్ స్కాలప్‌లు (సముద్రపు చిప్పజీవుల మాంసం) రెండు ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒకటి విప్పి వేయిస్తుంటే ముక్కలో చుట్ట చుట్టుకుని గోధుమరంగు పురుగు! అప్పటికే రెండు ముక్కలు తిన్న మా ఆవిడకు రాత్రంతా వాంతులు. జువాలజీ చెప్పే మా బావమరిది ఫొటో చూసి, సముద్రపు తాబేళ్ల కడుపులో ఉండే పురుగన్నాడు. అప్పట్నుంచి ఆమె చేప కూడా ముట్టడం లేదు. కంపెనీ మాత్రం ‘మీ వంటింటి పురుగే’ అంటోంది. ప్యాకెట్, పురుగు అప్పుడే పారేశాం. రెండో ప్యాకెట్ ఫ్రీజర్‌లోనే ఉంది. పది లక్షలివ్వకపోతే వీడియో పెడతానని మెయిల్ చేయనా?

జవాబు: చేయకండి. అలా రాస్తే భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బెదిరించి డబ్బు గుంజబోయారని మీ మీదే ఫిర్యాదు వస్తుంది. ఫిర్యాదుదారు కాస్తా ముద్దాయి అవుతారు.

వాంతుల సంగతి పక్కన పెట్టండి. డాక్టర్ చీటీ ఉందని మీరు రాయలేదు. పైగా బావమరిది చెప్పింది సల్కాస్కారిస్ సల్కాటా అనే తాబేలు పురుగు గురించే అయితే, అది మనుషులకు జబ్బు చేస్తుందని తేలలేదు. నిజానికి జబ్బు రుజువు చేయాల్సిన పనే లేదు. ఆహార భద్రత చట్టం 2006లో 3(1)(జెడ్‌జెడ్) ప్రకారం పురుగు పట్టిన ఆహారమే ‘సురక్షితం కాని ఆహారం’. తేలాల్సింది ఒక్కటే: పురుగు ఆ ప్యాకెట్‌లోంచే వచ్చిందా?

ఇక్కడ ఆ తాబేలే మీ సాక్షి. ఈ పురుగు పిల్ల దశలో స్కాలప్‌లాంటి చిప్పజీవుల కండలో ఉంటుంది. లాగర్‌హెడ్ వంటి తాబేలు వాటిని తిన్నాక దాని కడుపులో పెద్దదవుతుంది. కూకట్‌పల్లి వంటింట్లో పుట్టే పురుగు కాదది! కానీ చూపించడానికి పురుగేదీ? చెత్తబుట్టలో వేసే ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే, స్పిరిట్ సీసాలో వేసి ఉంచమని చెప్పేవాణ్ని.

మిగిలింది రెండో ప్యాకెట్. విప్పొద్దు, కరగనివ్వొద్దు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫొటో తీయండి. గడువు దాటితే కంపెనీ లాయరు మొదట పట్టుకునేది అదే. ఆర్డర్ బిల్లు, పురుగు ఫొటో తీసిన అసలు ఫోన్ దాచండి. ఫోన్ ఫొటోలను సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. మీకింకా 5 నెలలే ఉంది. నోటీసులు పంపుతూ కూర్చుంటే అది ఆగదు. మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదుతోపాటే 38(2)(సి) కింద ప్యాకెట్‌ను ల్యాబ్‌కు పంపమని దరఖాస్తు పెట్టండి. అందులో పురుగు దొరక్కపోతే ఫొటో ఒక్కటే మిగులుతుంది, కేసు బలహీనపడుతుంది. అందుకే పది లక్షలు అడక్కండి. ప్యాకెట్ల ధర, ఖర్చులు, న్యాయమైన పరిహారం అడగండి.